ఐదుగురికి ఒక్కటే చెయ్యి

ముందే చెప్తున్న, తర్వాత నన్ను అనొద్దు. నాకు పెంచి చెప్పే అలవాటున్నది. ఇంట్ల ఎలుక తిరిగితే పందికొక్కు అంట, పందికొక్కు తిరిగితే అడివిపంది అంట. మా ఇంటామె నేను ఏం చెప్పినా దాన్ని నాలుగుతోని భాగించి, మిగిలినదాంట్ల సగం నమ్ముతది. నా దోస్తులైతే ఆ సగం కూడ నమ్మరు. కాబట్టి ఈ రాసినదాంట్ల పొట్టెంత, గింజెంత అనేది మీరే చెరుగుకోవాలె. ఒక్క జాగల మాత్రం పొట్టు గాదు, ఉత్త అబద్ధమే ఉన్నది. అదెక్కడో ఆఖరుకు నేనే చెప్త.

ఇసోంటి మనిషికి దొరికిన కొలువేందో తెలుసా? కల్వకుర్తి దిక్కు ఒక సర్కారు దవాఖానల రోగుల లెక్కలు కంప్యూటరుల ఎక్కించుడు. రాష్ట్రం వచ్చిన కొన్నేండ్లకు కాంట్రాక్టు మీద చేరిన. బీపీ ఎంతుంటే గంతే కొట్టాలె, షుగర్ ఎంతుంటే గంతే కొట్టాలె. పెంచొద్దు, తగ్గించొద్దు. కల్లు తాగెటోన్ని తీస్కపోయి పాలకేంద్రంల కూసోబెట్టినట్టు. పొద్దంత అంకెలను ఉన్నయి ఉన్నట్టు కొట్టి కొట్టి, కడుపుల ఆపుకున్నదంత పొద్దుమూకి చాయ్ హోటల్ కాడ కక్కేటోన్ని.

నాకిచ్చిన గది ఒకప్పుడు విరిగిన మంచాలు పడేసే జాగ. మంచాలు తీసిన్రు గాని తుప్పు వాసన తియ్యలే. ఫ్యాను తిరిగితే దానితోటి గోడలు కూడ తిరుగుతుండె. ఇగ నెట్టు సంగతి అడగొద్దు. టీకాకు వచ్చిన పసిపిల్ల పేరు కొట్టి బటన్ నొక్కితే, పేజీ తెరుచుకునే వరకు ఆ పిల్లకు సంబంధాలు వస్తుండె.

ఆ గదిల కూసున్నంక నాకు కొత్తగ ఇంకో రోగం అంటుకున్నది. అనుమానం. పుట్టిన తారీఖు అడిగితే సగం మంది జనవరి ఒకటి అంటరు. మా మండలంల జనవరి ఒకటినాడు పుట్టినోళ్లను ఒక్కకాడ జమచేస్తే జాతర అయితది. ఇంకొందరు పోయిన నెల అరవై ఏండ్లంటరు, ఈ నెల యాభై అంటరు. నేను ఎవ్వల మాట నమ్మకపోయేది. జనం అంతకన్న ఎక్కువ, నన్ను అసలే నమ్మకపోయేది. ఆధార్ అడిగితే పింఛను కోస్తడేమోనని, ఫోన్ నంబరు అడిగితే బ్యాంకుల పైసలు గుంజుతడేమోనని. కిటికీకి ఇవతల నేను, అవతల వాళ్లు. ఇద్దరం ఒకరినొకరం దొంగను చూసినట్టు చూసుకుంటుంటిమి.

ఎండలు షురూ అయిన దినాలు. మా డాక్టరమ్మ నా గదికి వచ్చింది. చిన్న వయసుది, షాద్‌నగర్ నుంచి వచ్చిపోతుండె.

"గొర్లోళ్ల పల్లె పెద్దామె గుర్తున్నదా?" అని అడిగింది.

గుర్తు లేకేం. అంతకు ముందటేడు ఆమెను ఆటోల పండవెట్టి తెచ్చిన్రు. మూతి ఒక పక్కకు గుంజింది, మాట తడవడ్డది. బీపీ నెత్తికెక్కిందన్నరు. ఎట్లనో బతికింది. ఇంటికి తోలేటప్పుడు డాక్టరమ్మ రెండు రకాల గోలీలు రాసి, "ఇవి ఆపితే మల్లోసారి ఆటో దాకా కూడ రావు పెద్దమ్మా" అని గట్టిగనే చెప్పింది.

"ఆర్నెల్లసంది ఆమె బీపీ మంచిగ ఉంటున్నది. ఒక గోలీ తగ్గిద్దామనుకుంటున్న. పాత లెక్కలు ఒకసారి తియ్యి."

తీసిన. పెద్దామె అంకె మంచిగనే ఉన్నది. దాని కింద అదే పల్లె ఇంకో ఆమె అంకె చూసిన. అదే. దాని కిందిది చూసిన. అదే. ఐదుగురు ఆడోళ్లకు ఒక్కటే బీపీ. వెనకటి నెలకు పోయి చూసిన. అంకె మారింది, కాని ఐదుగురికీ కూడవలుక్కున్నట్టు ఒక్కతీరుగ మారింది. బట్టీల కాల్చిన ఇటుకలు కూడ గంత సమంగ ఉండయి. ఒక్క కడుపుల పుట్టిన కవలలకు కూడ అట్ల కుదరది.

డాక్టరమ్మ ఆ ఐదు వరుసలు మీది నుంచి కిందికి మల్లోసారి చదివింది.

"ఇవి నిజమైతే గోలీ తగ్గియ్యొచ్చు. అబద్ధమైతే, నేను తగ్గిచ్చిన గోలీకే ఆమె పడిపోతది. ఏందో తేల్చు. అప్పటిదాకా నేను చిట్టీల వేలు పెట్ట."

నా అనుమానం సక్కగ ఎగిరిపోయి కళ్లద్దాల సిస్టరమ్మ మీద వాలింది. ప్రతి మంగళవారం వరండల కూసోని బీపీలు చూసేది ఆమెనే. నోరు పెద్దది. ఆమె ఒక్క కేకేస్తే దవాఖానల రోగులే గాదు, బస్టాండుల కండక్టర్లు కూడ లైన్ల నిలబడేటోళ్లు. జనం ఎక్కువైన నాడు పట్టీ కట్టకుంటనే అంకెలు రాస్తున్నదని, ఒకరి అంకె చూసి ఇంకొకరికి వేస్తున్నదని నాకు రూఢీ అయిపోయింది. సాక్ష్యం కోసం మందుల కౌంటర్ల ఫార్మసిస్టు కాడికి పోయిన.

"నువ్వు అడగనట్టు అడుగు, నేను చెప్పనట్టు చెప్త" అన్నడు ఆయన, అటు ఇటు చూసి. "ఆమె మిషన్ పట్టీ చిరిగిందని కొత్తది అడిగింది. స్టోరుల లేదన్నరు. మల్ల అడగలే. పట్టీ లేకుంట బీపీ ఎట్ల చూస్తున్నదో నువ్వే ఆలోచించు."

ఇంకేం కావాలె! ఆ రాత్రి నాకు కలల కూడ చిరిగిన పట్టీలే.

మంగళవారం పొద్దున నీళ్ల బాటిల్ పట్టుకొని వరండల కంభం వెనుక నిలబడ్డ. నా ఒడ్డు పొడుగు మీకు తెల్వదు. కంభం వచ్చి నా వెనుక దాసుకోవాలె గాని నేను దాని వెనుక దాసుకునుడు కుదరది.

"ఏం సారూ, కంభానికి బీపీ లేసిందా? అట్ల పట్టుకొని నిలబడ్డవ్?" అన్నది సిస్టరమ్మ, తల ఎత్తకుంటనే.

లైన్ల ఉన్నోళ్లు కిలకిల నవ్విన్రు.

"లే సిస్టర్, జర గాలికి నిలబడ్డ."

"గాలికా? ఈ వరండకు గాలి రాక ఎన్నేండ్లాయె! వచ్చిందా మల్ల? నాకు చెప్పలేదేంది?"

నవ్వితే నవ్విన్రని నేను కదలలే. చూస్తే ఏమున్నది, ఆమె నిజంగనే పట్టీ కడుతున్నది. చిరిగిన పట్టీని కుట్లేసే దారంతోని మనిషి కడుపు కుట్టినంత ముద్దుగ కుట్టుకున్నది. ఒక్కరిని కూడ ఇడువలే. చిట్టీ చూస్తది, పేరు పిలుస్తది, చెయ్యి వస్తది, పట్టీ కడ్తది, అంకె రాస్తది, "పో" అంటది. అంత మందిల మొకాలు చూసుకుంట కూసుంటే పని ఒడవది. ఆమెకు లోకమంత దండచేతులే.

అట్ల ఒక చెయ్యి వచ్చింది. దండ మీద తేలు పచ్చబొట్టు, ఎండ్రకాయంత ఉన్నది. పోయింది. జర సేపటికి ఇంకో పేరు పిలిచింది. ఇంకో చెయ్యి వచ్చింది. దాని మీద కూడ తేలు. కొంగు మాత్రం ఈసారి నెత్తి మీదికెళ్లి కప్పుకొని ఉన్నది. మూడో పేరుకు కూడ తేలే వచ్చే వరకు నా చేతుల బాటిల్ జారి కింద పడ్డది.

ఆ తేలు చెయ్యామెను నల్లా కాడ పట్టుకున్న. నా ఈడుదే. ప్లాస్టిక్ బుట్టల ఉప్పు ప్యాకెట్లు, సబ్బులు, గొర్ల కడుపుల పురుగులకు తాగిచ్చే నట్టల మందు సీసా. సీసా పక్కనే గోలీల పొట్లాలు.

"అక్కా, నీ పేరేంది?"

"ఏ చిట్టీ మీదిది?" అన్నది, నిమ్మలంగ.

ఆమెకు తత్తరపాటు లేదు, సిగ్గు లేదు. తప్పు చేసినట్టు కూడ లేదు.

"చెయ్యి చూపెట్టినోళ్లకే గోలీలంటరు. వాళ్లు పనులకు పోయిన్రు, మా పెద్ద యారాలు, గదే మూతి గుంజిన పెద్దామె, మా బావతోని గొర్లెంట పోయింది. నా చెయ్యి ఖాళీగనే ఉండె. చూపెట్టిన. ఏమైంది?"

"చెయ్యి చూసేది గోలీలిచ్చెటందుకు గాదక్కా. ఎవ్వల ఒంట్ల ఎంతున్నదో తెలిసెటందుకు."

ఆమె బుట్ట కింద పెట్టింది. "అంటే, మంచిగున్నదని వాళ్లు రాసింది నా సంగతేనా?"

"నీ సంగతే. ఐదుగురికి సరిపోయేంత మంచిగున్నది."

"అట్లనా!" అని ఖుషీ అయ్యింది ఆ మనిషి.

వాళ్ల పల్లె రివాజు అది. అంగడికి ఎవరు పోతే వాళ్లు అందరి పని చేసుకొస్తరు. ఒకరికి ఉప్పు, ఒకరి గొర్లకు మందు, ఒకరి ఫోనుకు రీచార్జి. పోయిన మనిషి వట్టి చేతులతోని వస్తే పరువు తక్కువ. ఆ లెక్కననే ఐదుగురి బీపీలు కూడ ఆమె ఒక్కతే చూపిచ్చుకొని వస్తున్నది. మన దిక్కు పెండ్లికి పోతే ఇంటి తరపున ఒకరు పోయి చదివింపులు రాయించి వస్తరు సూడు, అట్ల.

"మరి పెద్దామెకు ఏమని చెప్పినవక్కా?"

"ఉన్నదే చెప్పి పంపిన. నీ బీపీ మంచిగున్నదంట, డాక్టరమ్మ మెచ్చుకుంటున్నదంట అని. మస్తు సంతోషపడ్డదట."

ఆ సంతోషం వినంగనే నా వీపుల చలి పుట్టింది. ఎండాకాలంల.

నేను జేబులకెళ్లి కాయిదం తీసే వరకు ఆమె మొకం మారింది. "ఎందుకు రాసుకుంటున్నవ్? పింఛను కోస్తరా? గోలీలు బంద్ చేస్తరా? చూడు తమ్మీ, బంద్ చేస్తే ఆ ముసల్ది సస్తది. ఆ పాపం నీ కంప్యూటరుకు గాదు, నీకే తాకుతది."

పోయి డాక్టరమ్మకు చెప్పిన. "గోలీలు ఆపేది లేదు, తగ్గించేది లేదు. ముందు అసలు చెయ్యి దొరకాలె" అన్నది ఆమె. కూలికి పోయే ముగ్గురిని తెల్లారి పిలిపిస్తే, మా కూలి గంగల కలిసిందని సణుక్కుంట వచ్చి చేతులు చూపెట్టిన్రు. వాళ్లకేం ఫికర్ లేదు. మిగిలింది పెద్దామె. ఫోన్ చేద్దామంటే ఐదు పేర్లకూ తేలు చెయ్యామె నంబరే ఉన్నది. మంద ఎక్కడున్నదని ఆమెనే అడిగితే, కొత్తకోట దాటినంక పల్లికాయ పీకిన చెలకలల్ల అన్నది.

నా మోటరు సైకిల్ మీద నేను, వెనుక సిస్టరమ్మ, ఆమె ఒడిల మిషన్. నేను ఆమెను అనుమానిచ్చిన సంగతి అప్పటికే ఫార్మసిస్టు మోసిండు.

"తొవ్వల నోరు తెరిస్తే దిగిపోత" అన్నది ఆమె.

నాగర్‌కర్నూల్ దాటినం, వనపర్తి దాటినం. నేను నోరు తెరవలే. నా జీవితంల అంత పొడుగు మౌనవ్రతం అదే. కడుపుబ్బి గర్భిణి లెక్క అయిన.

చెలకల దిగంగనే నాలుగు కుక్కలు వచ్చినయి. ఒక్కొక్కటి దూడంత. వాటి వెనుక గొంగడి భుజానేసుకొని ఒక ముసలాయన, పెద్దామె పెనిమిటి. నా చేతుల ఫోన్ చూడంగనే ఆగిపోయిండు. సర్కారు గొర్లిచ్చినప్పటి సంది, ఫోన్ పట్టుకొని చెలకలకు వచ్చేటోడు ఎవడైనా గొర్ల చెవుల బిళ్లలు లెక్కపెట్టనీకే వస్తడని వాళ్ల భయం.

"సారూ, మాకు గొర్లు లేవు" అన్నడు, మేము అడగకముందే.

ఆయన చంకల ఉన్న గొర్రెపిల్ల మే అన్నది.

"మరి గిదేందే?" అన్న.

దాని దిక్కు అప్పుడే చూసినట్టు చూసిండు. "ఇదా? ఇది తప్పిపోయి వచ్చింది. ఎవ్వలదో ఏమో."

చుట్టుముట్టు రెండు వందల గొర్లు, మీరు నాలుగుతోని భాగిచ్చుకోండ్రి, ఒక్కసారిగ అరిచినయి.

"నీ గొర్లు నాకెందుకయ్యా, నాకు నీ ఇంటామె చెయ్యి గావాలె" అన్నది సిస్టరమ్మ.

"ఆమె చెయ్యెందుకు? వేలిముద్రలు మేమెవ్వలకు వెయ్యం" అని కట్టె అడ్డం పెట్టిండు.

మూడు రాళ్ల పొయ్యి కాడ రొట్టె కొడుతున్న పెద్దామె చేతులు దులుపుకొని లేసి వచ్చింది. సిస్టరమ్మను గుర్తుపట్టి నవ్వింది. నవ్వుతే మూతి ఒక దిక్కుకు పోతుండె. నన్ను మాత్రం కింది నుంచి మీదికి చూసింది.

"ఆ నల్లగుడ్డ ముందుగాల ఈయనకు కట్టు. ఏం గాకపోతే నేను కట్టిచ్చుకుంట."

తప్పలే. చెలకల నడుమ రాయి మీద కూసోబెట్టి నాకు కట్టింది. ముసలాయన, గొర్రెపిల్ల, నాలుగు కుక్కలు, అందరు చుట్టు నిలబడి చూసిన్రు. సిస్టరమ్మ మిషన్ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "నువ్వు కూడ మంగళవారం లైన్ల నిలబడు" అన్నది.

ఆ తర్వాత పెద్దామె చెయ్యి చాపింది. దాని మీద ఏ పచ్చబొట్టు లేదు. పిండి అంటుకొని ఉన్నది.

"నా బీపీకేమైంది బిడ్డా, దవాఖానల మంచిగున్నదని రాసిన్రంట గద. అందుకే తెల్లగోలీ బంద్ చేసిన. ఉత్తగ పడెయ్యుడెందుకని ఈయనకిస్తున్న. ఎండకు తలకాయ నొస్తదంటడు."

సిస్టరమ్మ గాలి కొట్టి ఇడిచింది. మల్ల కొట్టింది. పట్టీ ఇప్పి ఇంకో చేతికి కట్టింది. ఆమె నోరు మూతవడంగ నేను చూసింది అదే మొదలు. మిషన్ నా దిక్కు తిప్పి చూపెట్టింది.

ఆ అంకె మీకు చెప్ప. చెప్తే నా అలవాటు తెలిసి మీరు తగ్గిచ్చుకుంటరు. దాన్ని తగ్గిచ్చుకోవద్దు.

వెంటనే గోలీ మింగిచ్చి నీడకు పండవెట్టినం. ముసలాయన రుమాలు కొసకు ముడేసుకున్న గోలీలన్నీ సిస్టరమ్మ ఇప్పించింది. "నీకేమన్న అయితే నీ గొర్లే నిన్ను మోసుకొస్తయా?" అని ఆయనకు పెట్టిన చీవాట్లకు కుక్కలు కూడ దూరం జరిగినయి. సిగ్నల్ కోసం నేను బండరాయెక్కి డాక్టరమ్మతోని మాట్లాడిన. "రెండు గోలీలు మల్ల షురూ చెయ్యమను. మనిషిని ఒకసారి తీసుకురాండ్రి, నేను చూడాలె" అన్నది.

"గొర్లు ఈనుతున్నయి. నేనొస్తే పిల్లలకు పాలెవ్వలు పట్టిస్తరు?" అన్నది పెద్దామె.

"నువ్వు పడిపోతే ఎవ్వలు పట్టిస్తరు?" అన్నది సిస్టరమ్మ.

ఆఖరుకు పెద్దామె, "మంగళవారం నేనే వస్త. నా చెయ్యి నేనే పట్టుకొస్త" అన్నది.

ఆ మంగళవారం ఆమె వచ్చింది. ఏమి రాకడ! ముందట గొంగడేసుకొని ముసలాయన, వెనుక తేలు చెయ్యామె, చంకల గొర్రెపిల్ల. లైన్ల ఉన్నోళ్లంత తొవ్విచ్చిన్రు. కిటికీ కాడికి వచ్చి రెండు చేతులు లోపలికి చాపి, "ఇవి నావే, పచ్చబొట్లు లేవు, మంచిగ చూస్కో" అన్నది. గొర్రెపిల్ల నా కీబోర్డు నాకింది. డాక్టరమ్మ నవ్వింది. సిస్టరమ్మ కన్నీళ్లు తుడుచుకున్నది.

మీకు చెప్తనన్న అబద్ధం ఇదే. ఆ మంగళవారం ఆమె రాలే. "నేనే వస్త" అని కూడ అనలే. "చూస్త తియ్యి బిడ్డా" అన్నది. ఆ మాటకు మా దిక్కు అర్థమేందో మా దిక్కోళ్లకు ఎరికే. రాని మనిషిని వచ్చినట్టు నేనే అల్లి రాసిన. సిస్టరమ్మ కన్నీళ్లు కూడ అల్లినవే. ఆమె ఏడువది, ఏడిపిస్తది. మిగిలినదంత జరిగిందే, కుక్కల సైజు తప్ప.

జరిగిన సంగతి ఇది. మంద ఎక్కడ దిగితే ఆ ఊరి సబ్‌సెంటర్ నర్సుకు మా సిస్టరమ్మ ఫోన్ చేస్తది. ఆ నర్సు పోయి చెయ్యి చూసి అంకె చెప్తది. నేను కొడుత. గోలీలు రెండూ పోతున్నయి. రెండూ ఆమె నోట్లకే పోతున్నయో లేదో, ఆ ముసలాయన తలకాయ నొప్పికే తెల్వాలె. ఒక్కో నెల అంకె రానే రాదు. ఆ నెలల ఆ ఖాళీ గడిని రోజుకు పదిసార్లు తెరిచి చూస్త.

మొన్న మల్ల అట్లనే రాలే. ముసలాయన కొత్త నంబరు దొరకవట్టి నేనే కొట్టిన. గొర్ల అరుపుల నడుమ ఒక ఆడమనిషి ఎత్తింది.

"ఎవరు మాట్లాడేది?" అన్న.

"నేనే."

"నేనే అంటే ఎవరు?"

"నేనే బిడ్డా, ఇంకెవ్వలుంటరు ఈడ? నిన్న వచ్చి చూసి పోయింది నర్సమ్మ" అని, గుర్తు చేసుకుంట ఒక అంకె చెప్పింది.

గొంతు ఆమెదో కాదో, నాకు నమ్మకం కుదరలే. తేలు చెయ్యామె అక్కడికి పోయి ఉండొచ్చు. ఇంకో యారాలు ఎవరన్న ఉండొచ్చు. ఫోన్ పెట్టేసి ఆ అంకె దిక్కు చూసుకుంట కూసున్న. చెలకల చూసినదానికన్న చాన తక్కువనే. కాని మంచిగ లేదు. ఇంక దిగాలె. తేలు చెయ్యి లెక్క అడుక్కొచ్చిన చెయ్యైతే అంకె మంచిగ వస్తుండె.

నమ్మిన. ఎంత చెప్పిందో గంతే కొట్టిన.